మందు కాదన్న మనిషి

ఆవిడ పోయిందన్న కబురు నాకు స్కూల్ స్టాఫ్‌రూమ్‌లో ఉండగా ఫోన్‌లో వచ్చింది. పోర్ట్‌బ్లెయిర్ తెలుగు ఆడవాళ్ళకి ఒక వాట్సాప్ గ్రూప్ ఉంది. అందులో ఆవిడ ఫొటో పెట్టారు, చుట్టూ గులాబీల దండ, పక్కన వెలుగుతున్న దీపం. విశాఖపట్నంలో ఆటో తిరగబడి తలకి దెబ్బ తగిలిందనీ, ఆసుపత్రికి చేరకముందే ప్రాణం పోయిందనీ రాశారు. ఆ కింద ఇక వరసగా జోడించిన చేతుల బొమ్మలు. నేనూ ఆ బొమ్మ దాకా వేలు తీసుకెళ్ళి, ఆగి, ఫోన్ బల్ల మీద బోర్లించి తొమ్మిదో తరగతికి వెళ్ళిపోయాను.

సాయంత్రం పార్వతి ఫోన్ చేసింది. ఆ గ్రూప్ నడిపేది తనే. షాదీపూర్‌లో వాళ్ళకి సిమెంటు, ఇనుము దుకాణం ఉంది. ఆదివారం తమ మేడ మీద సంతాపసభ పెడుతున్నామనీ, తెలుగు టీచర్ని కాబట్టి ఆవిడ గురించి నాలుగు మంచి ముక్కలు రాసివ్వమనీ అడిగింది. మా పిల్లలకి మాట్లాడటమే తప్ప రాయడం రాదు దీదీ, మీరైతే పుస్తకంలో ఉన్నట్టు రాస్తారు అంది. రాస్తాను గానీ సభలో చదవడానికి పనికిరాదు అన్నాను. నవ్వింది. సరదాకి అన్నాననుకుంది.

రాసింది ఇదే. పార్వతికి ఇవ్వలేదు.

ఆవిడని తలుచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది మొహం కాదు, కుడిచేతి బొటనవేలు. ఎదురుగా కూర్చున్న మనిషి చేతిని అడక్కుండా తన చేతిలోకి తీసుకునేది. మణికట్టు వెల్లకిలా తిప్పి, లోపలివైపు మెత్తటి చోట బొటనవేలితో గుండ్రంగా, నెమ్మదిగా రాస్తూ మాట్లాడేది. తను అమ్మే హార్మోన్ క్రీమ్ ఎలా రాసుకోవాలో చూపించడానికి మొదలైన అలవాటై ఉంటుంది. క్రీమ్ లేనప్పుడూ మానలేదు. చేపల బజారులో ట్యూనా ముక్కలు కోస్తున్న అమ్మాయి చేతిని కూడా అలాగే పట్టుకుని రాస్తూ నిలబడటం నేను చూశాను. ఆ అమ్మాయి రెండో చేతిలో కత్తి పట్టుకుని, చెయ్యి ఎలా లాక్కోవాలో తెలియక, వెనకాల జనం పెరుగుతుంటే బిక్కమొహం వేసుకుని నించుంది. చెయ్యి లాక్కోవడం ఎవరికైనా కష్టమే. ఎవరన్నా ప్రేమగా పట్టుకున్న చేతిని విదిలించుకుంటే మనమే చెడ్డవాళ్ళమవుతాం. ఆవిడ బతుకంతా ఆ మర్యాద మీదే నడిచింది.

రెండోది కిటికీ. ఎవరైనా డాక్టర్ గారూ అని పిలిస్తే ఆవిడ అవుననేది కాదు, కాదనేది కాదు. పెదాలు విడీవిడనట్టు నవ్వి, కిటికీలోంచి బయటికి చూసేది. బయట ఎదురింటి నీళ్ళ ట్యాంకు తప్ప ఏమీ ఉండేది కాదు. కానీ ఆ చూపు చూస్తే, పాపం పెద్ద చదువులు చదివి కూడా చెప్పుకోని మనిషి అనిపించేది. వెనకాల గోడకి ఒక సర్టిఫికెట్ ఫ్రేమ్ కట్టి ఉండేది. అది ఆన్‌లైన్‌లో చేసిన ఏదో కోర్సుది. దాని పైన చిన్న లైటు కూడా పెట్టించింది.

మూడోది పెండలం. బల్ల మీద పింగాణీ పళ్ళెంలో పెద్ద పెండలం దుంప ఒకటి ఉండేది, దేవుడి ముందు పెట్టినట్టు. క్రీమ్ దేంతో చేస్తారని ఎవరైనా అడిగితే దాన్ని వేలితో తాకి, అంతా దీంట్లోంచే, అమ్మవారిచ్చింది అనేది. మా ఫెరార్గంజ్ పక్క తోటల్లో పెండలం కలుపు మొక్కలా అల్లుకుంటుంది. ఉడకబెట్టి, పులుసు పెట్టి తరతరాలుగా తింటున్నాం, ఎవరికీ ముట్లుడిగే వయసులో వచ్చే ఒంటి సెగలు తగ్గలేదు. దుంపలోంచి తీసిన సరుకుని ఫ్యాక్టరీలో ఎన్నో మార్పులు చేస్తే తప్ప అది హార్మోన్ అవదని తరవాత ఆసుపత్రిలో డాక్టరమ్మ చెప్పింది. క్రీమ్ అమ్మే ఆవిడ మాత్రం ఆ ఫ్యాక్టరీ సంగతి ఎప్పుడూ ఎత్తలేదు. దుంప మొలకేస్తే తీసేసి కొత్తది పెట్టేది.

"ఇది మందు కాదమ్మా. నీ ఒంట్లోదే, నీకు తిరిగిస్తున్నాను." ఇది ఆవిడ మాట. రోజూ, ప్రతి మనిషితో, అప్పుడే తోచినట్టు అనేది. తరవాత ఇంగ్లీషులో 'బయో ఐడెంటికల్' అని, ఒక్కో అక్షరం చప్పరిస్తూ, అచ్చం మన ఒంట్లో ఊరేలాంటిదే అని అర్థం చెప్పేది. మందయితే చెడు చేస్తుంది, మనదయితే చెయ్యదు. ఇంతే ఆవిడ శాస్త్రం.

ఆవిడ షాదీపూర్‌లో ఒక మేడ మీద గది అద్దెకి తీసుకున్న రోజుల్లోనే నాకు ఒంటి సెగలు మొదలయ్యాయి. బోర్డు మీద ఛందస్సు గణాలు రాస్తుండగా ఛాతీలోంచి మంట లేచి చెవుల దాకా పాకేది, జాకెట్టు వీపుకి అతుక్కుపోయేది. పిల్లలు ఫ్యాన్ స్పీడ్ పెంచేవాళ్ళు, ఏమీ అడక్కుండా. స్టాఫ్‌రూమ్‌లో మా వయసువాళ్ళం ముగ్గురం ఉన్నా దాని గురించి మాట్లాడుకునేవాళ్ళం కాదు. ముట్టు గురించి అయినా గుసగుసగా మాట్లాడతారు గానీ ముట్లుడగడం గురించి అదీ ఉండదు. అయిపోయిన దాని గురించి మాటలేమిటన్నట్టు.

నాకంటే వదిన పరిస్థితి ఘోరంగా ఉండేది. వదినంటే మా అన్నయ్య భార్య. ఫెరార్గంజ్‌లో వాళ్ళకి వక్కతోట, కొబ్బరి, ఇంటి వెనక నాలుగు మళ్ళు కూరగాయలు. శ్రీకాకుళం నుంచి మా తాతల కాలంలో వచ్చినవాళ్ళమే అయినా, వదిన పెళ్ళయి అక్కణ్ణించి నేరుగా వచ్చిన మనిషి కాబట్టి తన మాట ఇంకా అక్కడిదే. పనిలో దిగితే కూలీలు అలిసిపోయేవాళ్ళు గానీ తను అలిసేది కాదు. అలాంటిది పళ్ళెం తీసి విసిరేయడం, మధ్యాహ్నం వక్కలు ఆరబెడుతూ మధ్యలో కూలబడి ఏడవడం, కోడలి పేరు మరిచిపోవడం మొదలెట్టింది. ముట్టు ఆగి అప్పటికి కొన్నేళ్ళయింది. రాత్రుళ్ళు చెమటతో తడిసిన దుప్పటి పొద్దున్నే కోడలు చూడకముందే ఉతికేసేది. అన్నయ్య గాలి సోకిందేమోనని ఎవరిచేతో దారం కట్టించాడు. నేను వెళ్ళినప్పుడు ఆ దారం చూపించి, నాకు పిచ్చెక్కుతందేటే అని అడిగింది. మెల్లగా, మజ్జిగలో ఉప్పు సరిపోయిందా అని అడిగినట్టు అడిగింది.

కాబట్టి మేమిద్దరం ఆవిడ మేడ మెట్లెక్కామంటే ఎవరినీ తప్పు పట్టడానికి లేదు.

ఆ మొదటి రోజు ఆవిడ మా వదిన చెయ్యి పట్టుకుని అరగంట ప్రశ్నలు వేసింది. నిద్ర పడుతోందా, ఏ జాముకి మెలకువ వస్తోంది, కీళ్ళు పట్టేస్తున్నాయా, ఒళ్ళు ఎండిపోయినట్టుంటోందా, మొగుడు పక్కన పడుకుంటే ఎలా ఉంటోంది. ఇలాంటి ప్రశ్నలు వదినని పుట్టాక ఎవరూ అడిగి ఉండరు. వదిన ముందు తలొంచుకుంది, తరవాత జవాబులు చెప్పింది, తరవాత పెద్దగా ఏడ్చింది. ఆవిడ కన్నీళ్ళు తుడిచి, ఇందులో పిచ్చి ఏమీ లేదమ్మా, అందరికీ వచ్చేదే అంది. అది నిజం. ఆవిడ చెప్పిన నిజాలు కూడా ఉన్నాయి, వాటివల్లే మిగతావి చెల్లాయి.

తరవాత చిన్న గొట్టంలో వదిన చేత ఉమ్మి వేయించుకుంది, మెయిన్‌ల్యాండ్‌లో పరీక్షకి పంపిస్తానని. ఆ పరీక్షలో ఎవరికైనా హార్మోన్లు తక్కువనే వచ్చేది. మా డ్రిల్ టీచరమ్మకి ముప్పై దాటాయేమో, ఆమెకీ తక్కువే.

నా వంతు వచ్చింది. నా చెయ్యి తీసుకుంది. క్రీమ్‌లో ఏ హార్మోన్ ఎంత ఉందో డబ్బా మీద రాసి ఉంటుందా అని అడిగాను. తెల్లటి చిన్న డబ్బాలవి, మూత మీద తామరపువ్వు బొమ్మ, కింద ఎవరి డబ్బా మీద వాళ్ళ పేరు. అంతకుమించి ఏమీ ఉండదు. ఆవిడ బొటనవేలు ఆగింది. నా చెయ్యి నా ఒళ్ళోనే పెట్టేసి, "నమ్మకం లేని ఒంటికి ఇది పట్టదమ్మా," అని కిటికీ వైపు చూసింది. నేనంటే ఆవిడకీ, ఆవిడంటే నాకూ ఆ రోజే పడలేదు.

క్రీమ్ పనిచేసింది. అది దాచను. మూడో వారానికల్లా వదిన ఫోన్ చేసి, రాత్రి పడుకుంటే తెల్లారిగట్ల కోడికూతకే లెగిశానే అని చెప్పింది. గొంతులో నవ్వుంది. దారం తెంపేసింది. మళ్ళీ తోటలోకి దిగింది, మళ్ళీ కూలీలు అలిసిపోవడం మొదలెట్టారు. అన్నయ్య వక్కలు అమ్మిన రోజు ఆవిడకి అరటిగెల, కొబ్బరికాయలు పంపించాడు. ఫెరార్గంజ్ నుంచి ఇంకో నలుగుర్ని వదినే స్వయంగా తీసుకెళ్ళింది. వెళ్ళిన ప్రతిసారీ ఆవిడ వచ్చినవాళ్ళందరి ముందూ వదినని నిలబెట్టి, ఈ మనిషిని చూడండి, వచ్చిన రోజు చూడాల్సింది అనేది. వదిన సిగ్గుపడి మెరిసిపోయేది. నాకు నచ్చకపోయినా నోరు మూసుకున్నాను. నిద్రపోతున్న మనిషిని లేపి మీ డబ్బాలో ఏముందో తెలుసా అని ఎలా అడుగుతాం.

ఆవిడ చేసినవాటిలో నేను ఎప్పటికీ మరిచిపోనిది ఆ తరవాతి ఏడాది వర్షాకాలంలో జరిగింది.

వదినకి రక్తం కనిపించింది. ముట్టాగి అన్నేళ్ళయ్యాక. ఆసుపత్రికి పోదామన్నాను. ముందు ఆవిడనడుగుదాం అంది. ఇద్దరం ఆస్టినాబాద్‌లో మా ఇంటి దగ్గర ఆటో ఎక్కి వర్షంలో షాదీపూర్ వెళ్ళాం. గదిలో ఆరేడుగురు ఆడవాళ్ళున్నారు. వదిన ఆవిడ చెవిలో చెప్పింది. ఆవిడ వినగానే లేచి నిలబడి వదినని కావలించుకుంది. అల్మరాలోంచి కోవా డబ్బా తీసి, ఒక బిళ్ళ వదిన నోట్లో తనే పెట్టింది.

"వయసు వెనక్కొస్తోందమ్మా నీకు," అంది, గదంతా వినబడేలా. "ఇది ఆగితే ముసలితనం, వస్తే పడుచుతనం. ఇంకేం కావాలి?"

అక్కడున్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. నిజంగానే కొట్టారు. వదిన నోటినిండా కోవాతో, మింగలేక, నవ్వాలో వద్దో తెలియక నా వైపు చూసింది. ముట్లుడిగాక రక్తం కనబడితే డాక్టర్‌కి చూపించాలని నేను ఎక్కడో చదివాను, అదే అన్నాను. ఆవిడ నాకు జవాబు చెప్పలేదు. వదినకి చెప్పింది.

"వెళ్తే వెళ్ళమ్మా, నేను ఆపను. కానీ వెళ్ళినవాళ్ళకి ఏం చేస్తారో నీకు తెలుసు. గర్భసంచి తీసేస్తారు. వాళ్ళకి వచ్చింది అదొక్కటే."

ఆ దెబ్బ ఎక్కడ తగులుతుందో ఆవిడకి తెలుసు. వదిన వాళ్ళ ఊళ్ళో, వాళ్ళ అమ్మకి, పిన్నికి, ఇద్దరు అక్కలకి ఏ కడుపునొప్పికో గర్భసంచులు తీసేశారు. ముప్పై ఐదేళ్ళకే నడుము పట్టుకుని నడిచేవాళ్ళని చూస్తూ పెరిగింది వదిన. ఆ సంగతి ఆవిడకి మొదటి రోజు అరగంట ప్రశ్నల్లో వదినే చెప్పింది. మనసు విప్పి చెప్పుకున్న భయాన్ని తీసుకెళ్ళి, సరిగ్గా అవసరమైన రోజున ఆసుపత్రి తలుపుకి తాళంలా వేసింది ఆవిడ.

నేను మళ్ళీ మళ్ళీ చెప్పాను. ఒకసారి గట్టిగానే పోట్లాడాను. నీకు ఆవిడంటే మొదట్నుంచీ కుళ్ళు అంది వదిన. కొన్నాళ్ళు నాతో మాట్లాడటం మానేసింది. రక్తం ఆగుతూ, వస్తూ ఉండేదట. ఆవిడ ఇంకొంచెం ఎక్కువ రాసుకోమందట.

చివరికి వక్కల కళ్ళంలో కళ్ళు తిరిగి పడిపోతే, కోడలు ఎత్తి జీపులో వేసుకుని పెద్దాసుపత్రికి తీసుకొచ్చింది. నేను స్కూల్ నుంచి పరిగెత్తాను. డాక్టరమ్మ చిన్న వయసు మనిషి, మలయాళీ, మాతో హిందీలో మాట్లాడింది. ఖూన్ కబ్ సే ఆ రహా హై, రక్తం ఎప్పట్నుంచి వస్తోంది అని అడిగింది. వదిన చెప్పలేదు, నేను చెప్పాను. ఏమైనా వాడుతున్నారా అని అడిగింది. మందులేం లేవు అంది వదిన. నమ్మకంగా అంది, ఎందుకంటే అది మందు కాదు కదా. కోడలు చీర మడతలోంచి తెల్ల డబ్బా తీసి బల్ల మీద పెట్టింది.

డాక్టరమ్మ డబ్బాని అటూ ఇటూ తిప్పి చూసింది. తరవాత ఓపిగ్గా చెప్పింది. సెగలకి హార్మోన్లు ఇవ్వడం తప్పేమీ కాదట, తనూ ఇస్తుందట. కానీ గర్భసంచి ఉన్న మనిషికి ఈస్ట్రోజెన్ ఒక్కటే ఇస్తే లోపలి పొర పెరిగిపోతూ ఉంటుంది, దాన్ని అదుపులో పెట్టడానికి ప్రొజెస్టిరాన్ కూడా సరిపడా ఇవ్వాలట. ఈ డబ్బాలో ఏది ఎంతుందో భగవంతుడికే తెలియాలంది. స్కాన్‌లో పొర బాగా మందంగా ఉంది. ముక్క తీసి పరీక్షకి పంపారు. క్యాన్సర్.

తొలి దశలో పట్టుబడింది. అది మా అదృష్టం. అన్నయ్య, నేను వదినని విమానంలో చెన్నై తీసుకెళ్ళాం. గర్భసంచి, అండాశయాలు తీసేశారు. మత్తు దిగాక వదిన పొట్ట మీద చెయ్యి వేసుకుని, అమ్మకి నాకు ఏటీ తేడా లేకుండా అయిపోయింది అంది. అంతకుమించి ఏడవలేదు. అన్నయ్య కారిడార్‌లో గోడకి నుదురానించి నిలబడ్డాడు.

మేము తిరిగొచ్చేసరికి షాదీపూర్ మేడ మీద ఆ కథ మరోలా నడుస్తోంది. నేను చెప్పలేదూ, వెళ్తే తీసేస్తారని, అదే అయింది చూశారా అని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకుంటోందట ఆవిడ. చెబుతూ కళ్ళు తుడుచుకుంటోందట కూడా. మా డ్రిల్ టీచరమ్మ నాకు ఈ మాట చెప్పి, పాపం మీ వదిన తొందరపడ్డారు అంది.

ఆ సాయంత్రం నేను ఒక్కదాన్నే ఆ మెట్లెక్కాను. గది నిండా ఆడవాళ్ళు. నేను కూర్చోలేదు. మా వదినకి క్యాన్సర్ వచ్చిందనీ, రక్తం కనబడ్డ రోజున నువ్వు ఆసుపత్రికి పంపి ఉంటే ఇంత దాకా వచ్చేది కాదనీ, నీ డబ్బాలో ఏముందో ఇప్పుడు అందరి ముందూ చెప్పమనీ అడిగాను. ఒంట్లోంచి సెగ లేచి మొహమంతా చెమట పట్టింది.

ఆవిడ లేచి వచ్చింది. నా చెయ్యి పట్టుకుంది. మణికట్టు తిప్పి బొటనవేలితో రాస్తూ, గదిలో ఉన్నవాళ్ళ వైపు ఒకసారి చూసి, నాతో మెత్తగా అంది:

"నీకు నిద్ర పట్టట్లేదు కదమ్మా. ఒళ్ళు చూడు ఎలా కాలిపోతోందో. ఈ కోపం నీది కాదు, హార్మోన్‌ది. కూర్చో, అన్నీ సర్దుకుంటాయి."

ఆడవాళ్ళు జాలిగా తలలూపారు. ఒకామె నాకు కుర్చీ జరిపింది. నేను చాలామంది మనుషుల చేత మాటలు పడ్డాను, ఉద్యోగంలో, ఇంట్లో. కానీ నా కోపాన్ని నా చేతిలోంచి లాక్కుని దానికి రోగం పేరు పెట్టిన మనిషిని అప్పుడే చూశాను. అవును, నిద్ర పట్టట్లేదు. అవును, ఒళ్ళు కాలుతోంది. ఆ రెండూ నిజమైనంత మాత్రాన మా వదిన కడుపులో పెరిగింది అబద్ధమవుతుందా?

"ఇది నాదే," అన్నాను. చెయ్యి విదిలించుకున్నాను. ఆవిడ గాజు ఒకటి తగిలి నా చెయ్యి గీరుకుంది. గదిలో అందరూ నన్ను చెడ్డదాన్ని చూసినట్టు చూశారు. చూడనీ అనుకుని మెట్లు దిగాను.

మర్నాడు మందుల తనిఖీ ఆఫీసులో ఫిర్యాదు చేశాను. అధికారులు వచ్చి డబ్బాలు పట్టుకెళ్ళారు, ఆవిణ్ణి విచారణకి రమ్మన్నారు. ఆవిడ ఆగలేదు. గది ఖాళీ చేసి విశాఖపట్నం వెళ్ళిపోయింది. వెళ్ళేరోజు కొందరు ఎయిర్‌పోర్ట్ దాకా వెళ్ళి దండ వేసి మరీ సాగనంపారట. తన మీద కుట్ర జరిగిందని ఆవిడ గ్రూప్‌లో పెట్టిన మెసేజ్‌లో నా పేరు లేదు. ఒక సోదరి అనారోగ్యంతో చేసిన పని, ఆమె కోసం ప్రార్థించండి అని ఉంది. ఆ సాయంత్రం గదిలో లేని పార్వతికి ఆ సోదరి నేనేనని ఇప్పటికీ తెలియదు.

నేనిప్పుడు హార్మోన్లు వాడుతున్నాను. మా డాక్టరమ్మే రాసిచ్చింది, అన్ని పరీక్షలూ చేశాక. ఒంటికి రాసుకునే జెల్ ఒకటి, మింగే గొట్టం మాత్ర ఒకటి, ఎంత ఉందో అచ్చువేసి మరీ మందుల షాపులో దొరికేవి. అవీ మన ఒంట్లో ఊరేలాంటివేనట. ఆ మాట వినగానే నాకు నవ్వూ, కోపమూ కలిసొచ్చాయి. అంటే ఆవిడ దగ్గర ప్రత్యేకంగా ఉన్నదేమిటి? మందు పక్కన ఉండాల్సిన జాగ్రత్త లేకపోవడం, అంతే. కాబట్టి నా గొడవ హార్మోన్‌తో కాదు.

కొందరు, ఆవిడ కూడా అదే క్రీమ్ రాసుకునేది, నమ్మే చేసింది అంటారు. అయి ఉండొచ్చు. నేను పరీక్షించి చూడలేదు. తను నమ్మితే నాకేమిటి? ఆటో ప్రమాదంలో పోయిందని విన్నప్పుడు, క్రీమ్‌తో పోయి ఉంటే బాగుండునని ఒక్క క్షణం అనుకున్నాను. అలా అనుకున్నందుకు సిగ్గుపడుతున్నానని రాయాలేమో. రాయను.

ఆదివారం సభకి వెళ్ళకూడదనే అనుకున్నాను. పొద్దున్నే ఫెరార్గంజ్ బస్సు దిగి వదిన మా ఇంటికొచ్చింది, ఇస్త్రీ చీర కట్టుకుని. నన్ను తీసుకెల్లు అంది. ఎందుకన్నాను. సచ్చిపోయిన మనిషి, ఒక్కపాలి ఎల్లి చూసొద్దుం అంది. వదినని ఒక్కదాన్ని అక్కడికి పంపలేక వెళ్ళాను.

పార్వతి వాళ్ళ మేడ మీద షామియానా వేశారు. ముప్పైమంది దాకా వచ్చారు. ఫొటో ముందు బంతిపూలు. ఒక్కొక్కరూ లేచి ఆవిడ చెయ్యి ఎంత చల్లగా ఉండేదో, ఎలా ఓపిగ్గా వినేదో చెప్పారు. పూల పళ్ళెం నా దగ్గరికొచ్చింది. పక్కామెకి అందించాను. పార్వతి నేను రాసిందేమైనా ఉందా అని సైగ చేసింది, లేదన్నాను. అప్పుడు వదిన లేచింది. అందరికీ వదిన తెలుసు. ఈ మనిషిని చూడండి అని ఆవిడ నిలబెట్టి చూపించిన మనిషే కదా. ఏడుస్తుందనుకుని ఎవరో మంచినీళ్ళు కూడా తెచ్చారు.

వదిన నీళ్ళు తీసుకోలేదు.

"నాకు నిద్దర తెచ్చింది ఆవిడే," అంది. "ఒట్టేసి చెప్తాను. నా లోపలంతా తీసీయాల్సొచ్చిందంటే అదీ ఆవిడవల్లే. ముట్టాగిపోయినాక రత్తం అగుపిస్తే మంచిదని చెప్పింది. మంచిది కాదు. బేగి ఆసుపత్రికి ఎల్లాలి. మీలో ఎవరికన్నా అలగవుతుంటే ఇప్పుడు చెప్పండి. సిగ్గుపడకండి, నాతో రండి."

ఎవరూ కదల్లేదు. షామియానా గుడ్డ గాలికి టపటపా కొట్టుకుంది. పార్వతి గబగబా మైకు అందుకుని రెండు నిమిషాలు మౌనం అంది. అందరూ తలలు వంచుకున్నారు. వదిన ఒక్కతే తల ఎత్తి, ఒక్కో మొహం చూస్తూ నించుంది.

ఫలహారాల దగ్గర, చేతులు కడుక్కునే చోట, ఒకామె వదిన పక్కన చేరింది. ఇక్కడే ఎవరో డ్రైవర్‌కి భార్య, పేరు లక్ష్మి. కుళాయి విప్పి నీళ్ళ చప్పుడు మధ్య చెప్పింది. తనకి పోయిన నెల నుంచీ రక్తం కనబడుతోందట. డబ్బాలు ఇప్పటికీ విశాఖ నుంచి పార్సిల్లో వస్తున్నాయట. ఫోన్ చేసి అడిగితే ఆవిడ, చనిపోవడానికి వారం ముందే, సంతోషించమని చెప్పిందట.

నేనప్పటిదాకా, సచ్చిపోయిన మనిషి అన్న వదిన మాట విని, లోపల కొంచెం మెత్తబడుతున్నాననే అనుకుంటున్నాను. ఆ మెత్తదనం అక్కడే, ఆ కుళాయి దగ్గరే పోయింది. మళ్ళీ రాలేదు.

మర్నాడు ఓపీ తెరిచే వేళకి ముగ్గురం పెద్దాసుపత్రిలో ఉన్నాం. నేను సెలవు పెట్టాను. లక్ష్మి భర్తకి చెప్పకుండా వచ్చింది. వరసలో నించున్నంతసేపూ వదిన ఆమె భుజం మీద చెయ్యి వేసే ఉంచింది. డబ్బా తెచ్చావా అని అడిగితే సంచిలోంచి తీసింది. పారేద్దామనుకున్నానంది. వద్దు, డాక్టరమ్మకి చూపించాలన్నాను.

పరీక్ష ఫలితం వచ్చేదాకా లక్ష్మి రోజూ వదినకి ఫోన్ చేసేది. క్యాన్సర్ లేదు. పొర మందమైంది గానీ ఇంకా అటు తిరగలేదు. క్రీమ్ మానేసి, మాత్రలు వేసుకుంటూ, మళ్ళీ మళ్ళీ చూపించుకుంటూ ఉంటే సరిపోతుందంది డాక్టరమ్మ. లక్ష్మి బయటికొచ్చి బెంచీ మీద కూర్చుని చాలాసేపు ఏడ్చింది. తరవాత మొహం తుడుచుకుని, పాపం ఆవిడకి తెలీదు గదా అక్కా, తెలిస్తే అలా చెప్పేది కాదు గదా అంది.

నేనేదో అనబోయాను. వదిన నా చెయ్యి నొక్కింది.

"తెలీకపోతే తెలీదని చెప్పాలమ్మా," అంది లక్ష్మితో. "లెగు, మందుల దగ్గర లైను పెరిగిపోతంది."